రెండు సీసాల సబ్బునీళ్లు

లాండ్రీ అక్కకి ముక్కు మీద కోపం అని వీధిలో అందరూ అంటారుగానీ, అది తప్పు మాట. ముక్కు చిన్నది. ఆవిడ కోపానికి అక్కడ చోటు చాలదు. చొక్కా మీద సిరా మరక తెచ్చినవాణ్ని తిట్టకుండా ఆ చొక్కా లోపలికి తీసుకునేది కాదు. తిట్టాక మాత్రం మరక ఆనవాలు కూడా లేకుండా ఉతికి, మడత నలగకుండా ఇచ్చేది. అందుకే తిట్లు తింటూనే అందరూ అక్కడికే వచ్చేవాళ్లు.

ఆ కోపంలో సింహభాగం మాత్రం మేడమీద ఉండే మరదలికి కేటాయించి పెట్టింది. పెళ్లయిన కొత్తలో, తమ్ముడి చొక్కాని అక్క స్వయంగా ఇస్త్రీ చేసిస్తే, ఆ పిల్ల కాలరు మీద వేలు పెట్టి, "ఇక్కడ ముడత అలాగే ఉండిపోయిందండీ" అంది. నిజంగానే ఉండిపోయింది. అదే అక్క క్షమించలేకపోయింది. అప్పటినుంచి ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది.

అయితే అరుచుకునేవాళ్లని అనుకోవద్దు. అసలు మాట్లాడుకునేవాళ్లే కాదు. మధ్యలో తమ్ముడు ఉండేవాడు. గడియారాలు బాగుచేసే మనిషి, నోట్లో నాలుక లేనివాడు. మరదలు ఎదురుగా నిలబడి ఉండగానే అక్క, "ఒరేయ్, మెట్ల మీద బకెట్ పెట్టొద్దని మీ ఆవిడకి చెప్పు" అనేది. మరదలు ఆ పక్కనే గోడవైపు చూస్తూ, "బకెట్ నాది కాదని మీ అక్కయ్యగారికి చెప్పండి" అనేది. ఇద్దరూ వినేసిన మాటనే అతను మళ్లీ ఇద్దరికీ చెప్పేవాడు, ముళ్లు ఏరేసి మరీ. "అక్క నిన్ను జాగ్రత్తగా నడవమంటోందే" అని అటూ, "బకెట్ తీయిస్తానంటోందక్కా" అని ఇటూ. ఏళ్ల తరబడి ఆ ఇంట్లో ప్రతి మాటా అతని మీదుగానే నడిచింది.

పోయినేడాది ఒక మధ్యాహ్నం, షాపులో గడియారం విప్పి ముందు పెట్టుకుని, అతను అలాగే బల్ల మీద తల వాల్చేశాడు. మళ్లీ ఎత్తలేదు.

ఆ రోజుతో ఇంట్లో మాటలు ఆగిపోయాయి. కింద వాటాలో అక్క, ముందుగదిలో లాండ్రీ. పై వాటాలో మరదలు, మధ్యాహ్నం నుంచి మందుల షాపులో ఉద్యోగం. ఆ పైన డాబా, డాబా మీద కుండీలు. పంచుకోవడానికి ఇంకేమీ లేదు కాబట్టి ఇద్దరూ ఆ డాబా కోసం తగవు పడ్డారు. అక్క ఒక రోజు దర్జీలు వాడే సుద్దముక్క తెచ్చి, పిట్టగోడ నుంచి నీళ్లట్యాంకు దాకా గీత గీసింది. మర్నాటికి ఆ గీత పక్కనే, రెండు వేళ్లు ఇవతలికి, మరో గీత కనిపించింది. అంటే మరదలు కొలిచిందన్నమాట.

ఆ గీతల మీద, ఎటూ చెందకుండా ఒకే ఒక్క కుండీ మిగిలింది. దాని కథ చెప్పాలి.

అక్క దగ్గర ఒక ఎర్ర మందార ఉంది, పళ్లెమంత పువ్వు. మరదలు పుట్టింటినుంచి తెచ్చుకున్న పసుపు మందార ఒకటి ఉంది. నాది గొప్పంటే నాది గొప్పని వాటి గురించి కూడా తమ్ముడి చేత కబుర్లు మోయించారు. విసిగాడో, ముచ్చటపడ్డాడో గానీ, ఒక ఉదయం అతను గడియారాల్లో దుమ్ము దులిపే సన్నటి కుంచెతో పసుపు పువ్వు పుప్పొడి తీసి ఎర్ర పువ్వుకి అద్దాడు. కాయ కట్టింది. లోపల నాలుగు గింజలుంటే ఒక్కటే మొలిచింది. ఆ మొక్క జానెడు ఎదిగేసరికి అతను లేడు.

ఇప్పుడది నడుమెత్తు మొక్క, ఇంకా ఒక్క పువ్వూ పూయలేదు. ఏ రంగు పూస్తుందో ఎవరికీ తెలియదు. పువ్వుదేముంది, ఏదో ఒక రంగు పూస్తుంది అని మీరూ నేనూ అనుకుంటాం. అక్క అలా అనుకోలేదు. ఎర్రగా పూస్తే తన తమ్ముడు తనవాడే, కడదాకా తన పక్షమే. పసుపు పూసిందా, ఈ ఇంటిని, తమ్ముణ్ని, ఆఖరికి అతని జ్ఞాపకాన్ని కూడా ఆ పిల్ల తన్నుకుపోయినట్టే. పిచ్చి కాకపోతే ఏమిటి? కానీ ఆ పిచ్చి పైవాటాలో కూడా అంతే ఉందని అక్కకి గట్టి నమ్మకం. ఎదురింటి కుట్టుమిషనావిడ అయితే కనపడినప్పుడల్లా, "ఏం, పూసిందా? ఎవరు గెలిచారు?" అని అడుగుతూనే ఉండేది.

కుండీ ఎవరిదన్న తగాదా తీర్చడానికి మేనమామ వచ్చాడు. జన్మంతా లారీ నడిపిన మనిషి, ఇంజను చప్పుడు మీద మాట్లాడి మాట్లాడి గొంతు అలాగే స్థిరపడిపోయింది. అందుకే హారన్ మావయ్య అనేవాళ్లు. ఆయన డాబా మీద నిలబడి వీధంతా వినేలా తీర్పు చెప్పాడు.

"కుండీ కదలడానికి వీల్లేదు. ఒకరోజు ఈవిడ నీళ్లు పొయ్యాలి, మర్నాడు ఆవిడ పొయ్యాలి. ఎరువుగానీ మందుగానీ ఏదేసినా రెండోవాళ్లకి చెప్పి వెయ్యాలి. చెప్పకుండా ముట్టుకున్నారో, కుండీ నేను పట్టుకుపోతా!"

"సరే మావయ్యా" అంది అక్క.

"అలాగే బాబాయిగారూ" అంది మరదలు.

బాగానే ఒప్పుకున్నారు. చెప్పి వెయ్యాలంటే నోరు విప్పాలన్న సంగతి ఆ పెద్దమనిషికి తట్టలేదు.

ఎండలు ముదరకముందే మొక్కకి మొగ్గలు వచ్చాయి. ఆకుపచ్చగా, బిగించిన పిడికిళ్లలా గుత్తులు గుత్తులుగా. వాటి వెనకే పురుగూ వచ్చింది. లేత కొమ్మల చివర్లకి పేనుబంక నల్లగా పట్టేసింది, ఆకుల ఈనెల మధ్య పిండినల్లి తెల్లటి దూదిలా అంటుకుంది. ముట్టుకుంటే ఆకు జిగటగా ఉంది. ఆ జిగట నాకడానికి చీమలు బారులు తీరాయి. మొగ్గల తొడిమలు చూస్తూ చూస్తూ ఉండగానే వంకర్లు తిరిగాయి.

దీనికి మందేమిటో అక్కకి బాగా తెలుసు. తమ్ముడే చెప్పాడు. మామూలు బట్టల సబ్బు బిళ్ల తురిమి, ఆ తురుము చెంచాడు లీటరు గోరువెచ్చటి నీళ్లలో కరిగించి, చల్లార్చి, గుడ్డలో వడకట్టి పిచికారీ చెయ్యాలి. పొడి సబ్బు పనికిరాదు, ఆకు మాడుతుంది. ఎండలో కొట్టకూడదు. పురుగు ఆకు అడుగునే ఉంటుంది కాబట్టి అడుగునే తడవాలి. వారానికి ఒక్కసారి చాలు. ఇక అన్నిటికన్నా ముఖ్యం, కొట్టిన కాసేపటికి మంచినీళ్లతో మొక్కంతా కడిగెయ్యాలి. సబ్బు పురుగు పని పట్టాక ఆకు మీద ఉండిపోతే ఆకు పనీ పడుతుంది.

సబ్బు సంగతి అక్కకి ఒకరు నేర్పాలా? జీవితమంతా సబ్బులో నానిన చేతులవి. బోరునీళ్లలో సబ్బు విరిగి తెట్టు కడుతుందని, ఇస్త్రీపెట్టె కోసం తెచ్చే మంచినీళ్లే తీసి కలిపింది. అంతా సరిగ్గానే చేసింది. ఒక్క పనే చేయలేదు. మేడ మెట్లెక్కి, "ఇదిగో, మొక్కకి పురుగు పట్టింది, సబ్బునీళ్లు కొడుతున్నా" అని చెప్పలేదు. చెప్పడమా! ముందు తను నోరు విప్పితే ఓడిపోయినట్టు కాదూ? పైగా ఆ పిల్ల మందులమ్మే పిల్ల. ఏ సబ్బు, ఎంత కలిపావు అని ఆరా తీసి, ఎక్కడో ఒక ముడత చూపిస్తుంది.

మరదలు షాపుకి వెళ్లాక, పొద్దు వాలేవేళ, అక్క చీర చెంగు చాటున సీసా దాచుకుని డాబా ఎక్కి పిచికారీ చేసింది. చివర కడగబోయి చెయ్యి ఆపింది. ఆ రోజు నీళ్లు పోసే వంతు తనది కాదు. కుండీ చుట్టూ నేల తడిగా ఉంటే ఆ పిల్ల పసిగట్టదూ? సబ్బు సన్నగానే కొట్టాను కదా, ఒక్కసారికి ఏం కాదులే అనుకుని దిగిపోయింది.

నాలుగు రోజుల్లో పేనుబంక ఎండి రాలిపోయింది. అక్క తనని తానే మెచ్చుకుంది. వారం తిరక్కుండానే మళ్లీ కొట్టింది, మొగ్గలున్నాయి కదా, ఉపేక్షించకూడదని. ఈసారీ కడగలేదు. ఆ తర్వాత ఆకుల అంచులు ఇస్త్రీపెట్టె తగిలినట్టు గోధుమరంగుకి తిరిగాయి. ఒక సాయంత్రం ఒక మొగ్గ రాలి కుండీలో పడి ఉంది. మర్నాడు రెండు.

పురుగే కాబోలు, మొండిది అనుకుని చెంచాని రెండు చెంచాలు చేసింది. మొగ్గలు ఇంకా రాలాయి. అప్పుడు ఆవిడ బుర్రలో ఒక దీపం వెలిగింది, వెలగకూడని దీపం. మందుల షాపు! అక్కడ ఏ విషం దొరకదు గనక? ఎర్రగా పూస్తుందని ఆ పిల్లకి తెలిసిపోయింది. తెలిసే చంపుతోంది.

మావయ్యకి కబురు పెట్టింది. ఆయన వచ్చి మొక్కని చూసి నెత్తి పట్టుకున్నాడు.

"ఏం చేశారే దీన్ని? నువ్వేమన్నా కొట్టావా?"

"నేనా? నీళ్లు తప్ప ఇంకేమీ ముట్టుకోలేదు మావయ్యా" అంది అక్క, రెప్ప కూడా వేయకుండా.

ఆయన పై వాటాకి వెళ్లాడు. ఆయన గొంతు కదా, కింద ఇస్త్రీబల్ల దగ్గరికి కూడా వినిపించింది. మరదలి గొంతు కూడా వినపడింది. "నేనసలు దాని జోలికే పోలేదు బాబాయిగారూ. ఆవిడే ఏదో చేస్తోంది. నేను గెలుస్తానని భయం."

అక్క చేతిలో పెట్టె ఆగింది. ఎవరిదో చొక్కా, వీపు మీద మాడిపోయింది. అంత అనుభవంలో ఎన్నడూ జరగని పని.

"మీ ఇద్దరి మధ్యా వాడెలా బతికాడే!" అని మెట్ల మీద నిలబడి అరిచి, మావయ్య వెళ్లిపోయాడు. కుండీ పట్టుకుపోతానన్న మాట ఆయనకి గుర్తు రాలేదు. వచ్చినా బాగుండేది.

మర్నాడు ఉదయం లాండ్రీ తలుపులు తీయలేదు. వీధంతా వింతగా చూసింది. అక్క మాత్రం డాబా మీద నీళ్లట్యాంకు వెనక, మోకాళ్లు నొప్పెడుతున్నా కూచుని కాపలా కాస్తోంది. మొక్కకి ఒక్క మొగ్గ మిగిలి ఉంది, కొమ్మ చిట్టచివర. ఆకులు సగం పోయాయి. ఆ ఒక్క మొగ్గ మాత్రం కాస్త బలిసింది, అంతే చాలన్నట్టు అక్క దాన్నే చూస్తోంది. అది విప్పుకునేదాకా ఇక్కడే చచ్చినట్టు కూర్చుంటానని ఒట్టు పెట్టుకుంది.

ఎండ ఇంకా పిట్టగోడ దాటలేదు, మెట్ల మీద అడుగుల చప్పుడైంది. మరదలు వచ్చింది. ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంది, దొంగలాగే. కొంగు చాటునుంచి పిచికారీ సీసా తీసి, ఒంగుని, ఒక్కో ఆకునీ వేళ్లతో ఎత్తి అడుగున కొట్టసాగింది.

అక్క ట్యాంకు వెనకనుంచి ఒక్క ఉదుటున లేచింది.

"ఒరేయ్! మీ ఆవిడ చూడరా ఏం చేస్తోందో..."

అలవాటు కొద్దీ అనేసింది. గాలిలోకి. మాట సగంలో తెగిపోయింది. మరదలు సీసా పట్టుకుని కొయ్యబారిపోయింది. ఇద్దరూ అతను ఉండాల్సిన చోటుకేసి, ఆ ఖాళీకేసి చూశారు. అక్కకి లోపల ఎక్కడో కలుక్కుమంది. ఆ నొప్పి కూడా ఆ పిల్ల వల్లే అనిపించి కోపం రెట్టింపయింది.

"విషం పోస్తున్నావటే? నా తమ్ముడు పెంచిన మొక్కకి విషం పోస్తావా?" అని నేరుగా, ఆ పిల్ల మొహంలోకి చూస్తూ, జీవితంలో మొదటిసారి తిట్టింది.

"విషమా? వాసన చూసుకోండి! సబ్బునీళ్లు. ఆయనే చెప్పారు నాకు."

అక్క సీసా లాక్కుని రెండు చుక్కలు వేళ్ల మధ్య రాసుకుంది. వేళ్లు అబద్ధం చెప్పవు. మంచి బట్టల సబ్బు, పొడి కాదు, చక్కగా వడకట్టింది, ఎక్కడా గరుకు లేదు. తన చేత్తో కలిపినట్టే ఉంది.

"ఎప్పట్నించి?"

"పురుగు కనపడ్డ దగ్గర్నించి. వారానికోసారి. ఈమధ్య మొగ్గలు రాలడం ఎక్కువైంది కదా, రోజు విడిచి రోజు."

"కడిగావా?"

మరదలు తడి వేళ్లు కొంగుకి తుడుచుకుంది.

"కొట్టాక కడిగావా అని అడుగుతున్నా!"

"కడిగితే నేల తడుస్తుంది. మీరు చూస్తారు" అంది మరదలు. ఆ వెంటనే ఆ పిల్ల చూపు ట్యాంకు వెనక్కి పోయింది. అక్కడ అక్క దాచుకున్న సీసా నిలబెట్టి ఉంది, అదే తెల్లటి నీళ్లతో. మరదలు వెళ్లి దాన్ని ఎత్తి, మూత తీసి, వాసన చూసింది.

"మీరూనా?"

"సాయంత్రాలు" అంది అక్క.

"మరి నాకు చెప్పకూడదూ!"

"నువ్వు చెప్పావా నాకు?"

"పెద్దవారు మీరు చెప్పాలి!"

"చిన్నదానివి నువ్వు చెప్పాలి!"

అంతసేపూ మొక్క అక్కడే, రెండు పూటల సబ్బూ ఒంటి మీద ఆరబెట్టుకుని నిలబడి ఉంది. ముందు తేరుకున్నది అక్క. గొట్టం లాగి కుళాయి తిప్పింది. మరదలు అడ్డం పడింది.

"అంత జోరుగా కాదు! ఇటివ్వండి, చెంబుతో పోస్తాను!"

"నాకు కడగడం నేర్పుతావా? నాకు?"

"మీకు ఉతకడం వచ్చు. ఇది చొక్కా కాదు!"

గొట్టాన్ని అటు ఈవిడా ఇటు ఆవిడా లాగారు. మధ్యలో నీళ్లు ఒక్కసారి ఎగదన్ని కొమ్మకి కొట్టాయి. ఆఖరి మొగ్గ చప్పుడే లేకుండా రాలి, సుద్దగీతలు తడిసి కారుతున్న చోట పడింది.

మరదలు మొగ్గ వైపు వెళ్లలేదు. మోకాళ్ల మీద కూచుని, మొక్క మొదట్లో బెరడు మీద గోరుతో గీరింది. బతికున్న కొమ్మయితే కింద పచ్చగా కనపడాలి. గోధుమరంగు కనపడింది. ఇంకాస్త కిందికి, మట్టి దాకా గీరింది. అక్కడా అంతే. వారాల తరబడి రెండు సీసాలూ కారి కారి మట్టి కూడా సబ్బుతో గట్టిపడిపోయింది.

"అయిపోయింది. వేరుతో సహా పోయింది" అంది.

ఈలోగా అక్క వంగి మొగ్గని తీసి పిడికిట్లో పెట్టుకుంది.

"ఇటివ్వండి. విప్పి చూద్దాం. లోపల రంగు తెలుస్తుంది" అంది మరదలు చెయ్యి చాచి.

"నేను ఇవ్వను."

"చూద్దామండీ. ఇద్దరం చూద్దాం."

"ఇవ్వనంటే ఇవ్వను! అంతా తీసుకున్నావు. వాణ్ని పైవాటాకి తీసుకుపోయావు. వాడి చొక్కాలు నువ్వే ఉతికావు. ఇదొక్కటీ నాది!"

"ఆయన రోజూ కిందే అన్నం తిని వచ్చేవారు. నా వంట రుచి కూడా చూడకుండా! తీసుకున్నది ఎవరు?" అని మరదలు అక్క మణికట్టు పట్టుకుంది. వేళ్లు ఒక్కొక్కటే విడదీయబోయింది. అక్క ఇంకా బిగించింది. బట్టలు పిండిన చెయ్యి అది, దుప్పట్లనే పిండిన చెయ్యి. ఎంత బిగించిందో తనకే తెలియలేదు. ఆఖరికి మరదలు ఏడుస్తూ వదిలేసింది. అప్పుడు అక్క పిడికిలి విప్పింది.

అరచేతిలో జిగురు మిగిలింది. లేత ఆకుపచ్చ పిప్పి, సాగే జిగురు. రేకులు ఎక్కడున్నాయో, ఏ రంగుకి తిరగబోయాయో తెలిసే వీలే లేదు.

మరదలు దగ్గరికి రాలేదు. ఉన్నచోటునుంచే అడిగింది.

"ఏ రంగు?"

ఎరుపు అంటే చాలు. చూసింది తనొక్కతే. కాదనేవాళ్లు ఎవరూ లేరు. ఎదురింటి కుట్టుమిషనావిడకి చెప్పొచ్చు, మావయ్యకి చెప్పొచ్చు, చచ్చేదాకా చెప్పుకోవచ్చు. ఆ మాట అక్క నాలుక చివరిదాకా వచ్చింది.

"కనపడలేదు" అంది.

మరదలు కొంగుతో మొహం తుడుచుకుంది. "ఎరుపని చెప్పేస్తారనుకున్నా."

"చెప్తే నమ్మేదానివా?"

"లేదు."

అక్క ట్యాంకు గట్టు మీద కూలబడింది. ఆ పిల్ల మీద కోపం ఏమీ తగ్గలేదు, రవ్వంత కూడా. కానీ ఇన్నాళ్లూ ఆ పిల్లని అడగకుండా మిగుల్చుకున్న ఒక మాట ఉంది, తమ్ముడు ఉండగా మనసొప్పక అడగనిది, పోయాక పౌరుషం కొద్దీ అడగనిది. ఇప్పుడిక దాచి ఏం లాభం?

"వాడు ఏ రంగు పూయాలని అనుకున్నాడు? కుంచె పెట్టినప్పుడే ఏదో ఒకటి అనుకుని ఉంటాడు కదా. నేను అడిగితే నవ్వేసి, నీకు చెప్పానన్నాడు. తెలుసుకోవాలనుంటే దాన్నే అడుగక్కా అన్నాడు. చెప్పు, ఏం చెప్పాడు?"

మరదలు కొంగు వదిలేసి అక్క వైపు తిరిగింది.

"నాకేమీ చెప్పలేదండీ. మీకు చెప్పానన్నారు. మిమ్మల్నే అడగమన్నారు."